మునియమ్మక్క కొన్న చమురు షేర్లు

మార్చి పద్నాలుగు, శుక్రవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలు. పక్కింటి కోడలు కొత్త చింతకాయల గోనె వసారాలో కుమ్మరించి కర్రతో కొట్టడం మొదలుపెట్టింది. ముందు ఎండిన పెంకు పగిలే చప్పుడు వచ్చింది, దాని వెనకే పుల్లటి వాసన. మాత్ర వేసుకోవడానికి తీసుకున్న నీళ్లగ్లాసు చేతిలో పట్టుకుని అట్లాగే కూర్చుండిపోయాను. మునియమ్మక్క పోయి రెండేళ్ల నాలుగు నెలలయింది. ఆమెను చూడనివాళ్లకు ఆమె గురించి చెప్పాలంటే ఈ వాసనతోనే మొదలుపెట్టాలి. పక్కన నిలబడితే ఏడాది పొడుగునా ఆమె దగ్గర ఇదే వాసన.

తమిళనాడులోని ధర్మపురిలో చింతపండు నిలవ ఉంచే శీతల గిడ్డంగిలో నేను ముప్పై ఒక్క సంవత్సరాలు గుమాస్తాగా పనిచేశాను. మునియమ్మక్క వెల్లిచందైలో కూలి చేసుకునే కుటుంబంలో పుట్టింది. పదేళ్లకే గింజ తీసే పనికి వచ్చి, నలభై ఏళ్లకు సొంతంగా పండు కొని నిలవచేసి అమ్మే స్థితికి చేరింది. అద్దె షెడ్డులో ఆమె దగ్గర తొమ్మిదిమంది ఆడవాళ్లు పనిచేసేవాళ్లు. చదువు రాదు, తమిళంలో సంతకం మాత్రం పెట్టేది. నేను పనిలో చేరిన మొదటి ఏడాది బొమ్మిడి నుంచి ఆమెకు అరవై గోనెలు వచ్చాయి. వాటి మీది చీటీలు చూసి నేను రసీదు రాస్తుంటే ఆమె నా మణికట్టు పట్టుకుని, ఒక గోనె నడుమకు మోచేతి దాకా చెయ్యి పెట్టించింది. బరువు కోసం నీళ్లు చల్లిన పండు నా వేళ్లకు జిగటగా అంటుకుంది. "పైన ఉండేది కొనేవాని కోసరం అమ్మణ్ణీ. నడుమ ఉండేది అమ్మేవాని గుణం" అంది. గోనెలు తెచ్చినవాడు మా ఇద్దరినీ గొణుక్కుంటూ తిట్టాడు. ఆమె అతనికే టీ తెప్పించి, తడిసినంత మేరకు ధర తగ్గించింది. ఆమె కోపం చూపించడం నేను ఎన్నడూ చూడలేదు. తగ్గించాల్సింది తగ్గించేది, అంతే.

నేను పని మానిన తరువాత ఆదివారాల్లో గిడ్డంగి తూకం గదిలో అయిదుగురం కూర్చునేవాళ్లం. మమ్మల్ని అక్కడికి చేర్చినవాడు కృష్ణప్ప, బస్సు కండక్టరుగా చేసి విరమించినవాడు. ఇరవై ఏళ్లుగా చిన్నచిన్నగా షేర్లు కొంటూ ఉండేవాడు. టిక్కెట్టు చింపే పద్ధతిలోనే బొటనవేలు తడిచేసుకుని ఫోను జరిపేవాడు. అందరివీ చిన్న మొత్తాలే. ఇంగ్లీషు చదవగలిగేది నేనొక్కదాన్నే కాబట్టి కంపెనీల వార్షిక నివేదికలు చదివి తెలుగులో చెప్పడం నా వంతు. తొమ్మిదేళ్ల కిందట ఒక జూన్ ఆదివారం కృష్ణప్ప చమురు తీసే ఒక కంపెనీ పేరు తెచ్చాడు. షేరు ధర నూట ఎనభై. అప్పులన్నీ తీసేసి, ఉన్న నగదూ ఆస్తీ షేర్ల మీద పంచితే ఒక్కొక్కదానికి మూడు వందల పైచిలుకు వస్తుంది. అంటే మూడు రూపాయల వస్తువును రెండు రూపాయల లోపే ఇస్తున్నారన్నమాట.

ఆ నెలలోనే మునియమ్మక్క షెడ్డు యజమాని దాన్ని అమ్మేయాలని నిర్ణయించుకున్నాడు. రేకుల షెడ్డు, మూడు సెంట్ల స్థలం, ధర నాలుగు లక్షలు. ఇరవై ఆరేళ్లుగా అద్దె కట్టిన మనిషి అని ఆమెకు వచ్చే చిత్తిరై నెల దాకా, అంటే ఏప్రిల్ నడుమ దాకా గడువిచ్చాడు. పోస్టాఫీసులో ఆమెకున్నది రెండు లక్షల డెబ్బై వేలు. ఇంకా లక్షా ముప్పై వేలు కావాలి. ఆ ఇబ్బంది మా అందరికీ తెలుసు. అయినా ఆమె తొందరపడలేదు. అంత చవగ్గా ఇచ్చేవాడు ఎందుకు ఇస్తున్నాడని కృష్ణప్పను అడిగింది.

"సీజనక్కా" అన్నాడు అతను. "మార్చిలో నీకు పండు చవగ్గా అమ్మేవానికి పిచ్చా? ఇప్పుడు నూనెకు మార్చి నెల. ఆడి నెల రానీ, ధర లేస్తాది."

"నా పండు గోడౌన్లో ఉంటాది. వీని నూనె యాడుంటాది?"

"భూమిలో. దానికి వాడగ కూడా లేదు."

గిడ్డంగి అద్దె సంగతి తెలిసినవాళ్లం, అందరం నవ్వాం. ఆమే ఎక్కువ నవ్వింది. చవకలో కొని, చల్లగా దాచి, ధర వచ్చినప్పుడు తీయడం మా ఊరి వ్యాపారం. మాకు అంతకన్నా తేలిగ్గా అర్థమయ్యే మాట వేరొకటి లేదు. అయినా నివేదిక మొత్తం వింటేగాని డబ్బు తీయనంది. మూడు ఆదివారాలు చదివాను. అమ్మకాలు, ఖర్చులు, అప్పు, మూడేళ్ల లాభం, ప్రతి అంకెనూ రెండుసార్లు చెప్పించుకుంది. ఆమె వేళ్ల మీద కూడుకున్నదీ నేను కాగితం మీద కూడిందీ పైసాతో సహా సరిపోయాయి. మూడో ఆదివారం చివరి పేజీల్లో సన్న అక్షరాల్లో ఒక వివరణ వచ్చింది. కంపెనీకున్న అన్నింటికన్నా పెద్ద చమురు క్షేత్రంలో తవ్వుకునే అనుమతి మరుసటి సంవత్సరంతో ముగుస్తుంది, పొడిగింపుకు దరఖాస్తు పెట్టారు, జవాబు రావలసి ఉంది. నాలుగు వరుసలు. వాటిలో రూపాయల లెక్క ఒక్కటి కూడా లేదు. ముప్పై ఒక్క సంవత్సరాలు ప్రతి మార్చిలో గిడ్డంగి రసీదుల గడువు పొడిగించింది నేనే. చీటీ తెస్తారు, సంతకం పెడతారు, నేను ముద్ర వేస్తాను. పొడిగింపు నిరాకరించిన రసీదు నా బల్ల మీదికి ఒక్కటి కూడా రాలేదు. ఆ వరుసలు నేను కళ్లతో చదివాను, పైకి చదవకుండా పేజీ తిప్పాను.

"ఇంక ఏమన్నా ఉందా అమ్మణ్ణీ?" అని అడిగింది.

"లేదక్కా" అన్నాను.

ఆమె పదిహేను వందల షేర్లు కొంది. నేను మూడు వందలు. ఆరు నెలల్లో ధర రెండు వందల అయిదుకు వచ్చింది, షేరుకు ఆరు రూపాయల డివిడెండూ వచ్చింది. ఇక మునియమ్మక్కను ముదలాళి, అంటే యజమాని, అని పిలవాలని కృష్ణప్ప ఆటపట్టించేవాడు. నేను ముదలాళినైతే నీ టీకి నువ్వే డబ్బివ్వు అని ఆమె అనేది. ఫిబ్రవరిలో ఒక మంగళవారం పొడిగింపు దొరకలేదన్న వార్త వచ్చింది. ఆ రోజు సాయంత్రానికి నూట నలభై, నెల తిరిగేసరికి అరవై నాలుగు. ఉంచితే లేస్తుందని కృష్ణప్ప బతిమాలాడు. కానీ కొత్త పండు వచ్చే కాలం, కొనడానికి ఆమె చేతిలో డబ్బు లేదు. ఆ అరవై నాలుగుకే అన్నీ అమ్మింది.

ఆమె అమ్మిన మూడో రోజు, గురువారం నాలుగు గంటలకు, నివేదిక తీసుకుని షెడ్డుకు వెళ్లాను. ఆడవాళ్లు గింజ తీస్తున్నారు, ఆమె తూకం దగ్గర కూర్చుంది. పేజీ తెరిచి ఆ నాలుగు వరుసలూ తెలుగులో చదివాను. ఇవి ఆ రోజే చూశానని చెప్పాను. ఆమె తక్కెడలో ఉన్న పండు దించి, రాళ్లు పక్కన పెట్టి, అప్పుడు నావైపు తిరిగింది.

"మరిచినావా, దాచినావా?"

"రెండూ కాదక్కా. రసీదు పొడిగించినట్టే అనుకున్నాను. చెప్పేంత పని లేదనుకున్నాను."

"నువ్వెందుకు అనుకుంటివి?" అంది. గొంతు పెరగలేదు. "సదివేది నీ పని. అనుకునేది నా పని. నా పని కూడా నువ్వే సేస్తివే."

నా షేర్లు అమ్మి ఆమెకు ఇస్తానన్నాను. అవి నీవి, ఉండనీ అంది. గింజ తీసే ఆడవాళ్లలో ఒకామె నాకు నీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగి వచ్చాను.

ఆ ఆదివారం తూకం గదికి ఆమె రాదనుకున్నాను. తొమ్మిదింటికే వచ్చింది. పిక్కిలి దారిలో చిన్న రేకుల గది అద్దెకు మాట్లాడుకుందట, ఆ ఒప్పందం కాగితం నా ముందు పెట్టి చదవమంది. మొదటి అక్షరం నుంచి చదివాను. సాక్షుల పేర్లు, స్టాంపు అమ్మినవాడి నంబరు, అంచున అచ్చాఫీసు చిరునామా కూడా చదివాను. అచ్చాఫీసుకు వాడగ మనమే కట్టాలా అని కృష్ణప్ప అడిగాడు. ఆమె నవ్వలేదు. చివరి కాగితం వెనక్కి తిప్పి, అటువైపు ఖాళీగా ఉందని తన కళ్లతో చూసుకున్న తరువాతే సంతకం పెట్టింది. పోయేదాకా నేను చదివిన ప్రతి కాగితాన్నీ అట్లాగే తిప్పి చూసింది. చదవమని మాత్రం నన్నే అడిగేది. నా తప్పు ఆమె మాఫీ చేయలేదు, నన్ను పనిలోనుంచి తీసేయనూ లేదు. ఆ రెండింటికీ నడుమ ఆమె నాకు చూపిన చోటులోనే ఇప్పటికీ ఉన్నాను. మా వీధివాళ్లు బ్యాంకు కాగితాలూ ఆస్పత్రి కాగితాలూ తెస్తుంటారు. అన్నీ పైకి చదువుతాను. ఇది ముఖ్యమా అని అడిగితే అది మీరే చెప్పాలంటాను. కొందరికి విసుగొస్తుంది, అయినా చదువుతాను.

పోయినవి ఇవి. మునియమ్మక్క పెట్టినది రెండు లక్షల డెబ్బై వేలు. అమ్మగా వచ్చినది తొంభై ఆరు వేలు, డివిడెండు తొమ్మిది వేలు. పోయినది లక్షా అరవై అయిదు వేలు, బ్రోకరు కమీషను కాక. నేను పెట్టినది యాభై నాలుగు వేలు. ఆ మూడు వందల షేర్లు అమ్మలేదు, ఈ రోజు వాటి విలువ పదిహేడు వేల నాలుగు వందలు. మూడు సెంట్ల స్థలం, దాని మీది షెడ్డు వేరొకరివయ్యాయి. పిక్కిలి దారి గదిలో ఇద్దరికే చోటు ఉండేది. గింజ తీసే తొమ్మిదిమందిలో ఏడుగురికి పని పోయింది.