ఖాలా ముందే తొడిగే గాజు

ప్రతి ఉదయం మా సూట్‌కేసుల దుకాణం షట్టర్ ఎత్తేటప్పుడు మా ఆవిడ సుజాత చేతి మట్టిగాజులు గలగలమంటాయి. ఆ చప్పుడుకు నాకు పిన్నిలాంటి మహమూదా ఖాలా గుర్తొస్తుంది. శంషాబాద్ బజారులో మా నాన్న గిన్నెల కొట్టు పక్కనే ఆమె గాజుల దుకాణం. నేను ఇంటర్ తప్పిన ఏడాది, గిన్నెలకు సొట్టలు పెట్టడం తప్ప నాకేమీ రాదని తేల్చుకుని నాన్న నన్ను ఆమెకు అప్పగించాడు.

అందరూ బేరం తెగాక కొసరు ఇస్తారు. ఖాలా ముందే ఇచ్చేది. వచ్చినామె చేయి మెత్తగా నొక్కి, ఒక గాజు తొడిగి, "ఇది నా దిక్కుకెళ్లి బిడ్డా. ఇగ నీకేం కావాల్నో చూడు" అనేది. ఒకామె ఆ గాజుతోనే లేచి వెళ్లిపోయింది. నాకు కడుపు మండింది.

"ఖాలా, ముంచి పోయింది! ఉరికి పట్కరానా?"

"కూసో బేటా. ఎన్కకు ఇస్తే బేరం, ముందుగాల ఇస్తే మర్యాద. ఇచ్చినంక దాని దిక్కు చూడొద్దు. అది గలగలమన్నప్పుడల్లా నేను యాదికొస్త, చాలదా?"

నాకు చాల్లేదు. నేను పైసా వదలని మా నాన్న కొడుకునే.

ఖాలా పోయిన చాలా ఏళ్లకు, విమానాలెక్కేవాళ్లకు సూట్‌కేసులు అమ్మీ అమ్మీ, చివరికి మా కొట్టులోవే రెండు తీసుకుని మేమిద్దరం యూరప్ వెళ్లాం. ఊరి నుంచి ఊరికి రైళ్లలోనే తిరిగాం. ప్యారిస్‌లో సుజాత గోపురాలు చూసింది, నేను ధరలు చూశాను. అక్కడి నుంచి జ్యూరిక్‌కు అన్నిటికంటే చవక టికెట్లు ఏరి కొన్నానని మురిసిపోయాను. రైలెక్కాక తెలిసింది, మా సీట్లు వేర్వేరు బోగీల్లో పడ్డాయని.

"ఈడ గూడ బేరమేనా?" అంది సుజాత. "నీ పక్కన కూసొని కొండలు చూద్దామని గదా ఇంత దూరం వచ్చిన! ఒక్కదాన్నే చూసుడైతే ఇంట్ల టీవీల చూస్తుంటిని." అని ముఖం కిటికీ వైపు తిప్పుకుంది.

ఆమె పక్క సీటులో మీసాల ముసలాయన పత్రిక చదువుకుంటున్నాడు. వచ్చిన ఇంగ్లీషులో మొదలుపెట్టాను. "పక్క బోగీలో నాది కిటికీ సీటు. మార్చుకుంటే లాభం మీకే."

"ఇక్కడే బాగుంది" అన్నాడాయన నవ్వుతూ.

సరేనని, అక్కర్లేనట్టు వెనుదిరిగి నడిచాను. మా బజారులోనైతే మూడడుగులు పడకముందే వెనక్కి పిలుస్తారు. ఆయన పత్రికలో పేజీ తిప్పాడు.

నా సీటులో కూర్చుంటే కిటికీ బయట ఏదీ కంటికి ఆనలేదు. సుజాత ఇంటి నుంచి మోసుకొచ్చిన సకినాల డబ్బా నా సంచిలోనే ఉంది. దాన్ని చూడగానే ఖాలా ముందే తొడిగే గాజు గుర్తొచ్చింది. లేచి వెళ్లి డబ్బా ముసలాయన చేతిలో పెట్టాను. ఈసారి ఏమీ అడగలేదు. అడగకుండా ఉండటానికి నోరు కట్టేసుకోవాల్సి వచ్చింది. సుజాత అప్పటికే కిటికీకి తల ఆనించి నిద్రపోతోంది. వచ్చి నా సీటులో కూర్చున్నాను.

కాసేపటికి ముసలాయన కోటు తొడుక్కుని వచ్చి నా ముందు నిలబడ్డాడు. మీసాల మీద నువ్వులు, చంకలో మా డబ్బా.

"కిటికీ సీటు అన్నారు, ఇదేనా?"

కొండలు మొదలయ్యేసరికి సుజాత తల నా భుజం మీద ఉంది. "ఏమిచ్చి ఒప్పించినవ్?" అంది.

"నీ సకినాలు."

"అన్నీనా!"

ఇప్పుడు మా దుకాణంలో కొసరు తాళం కప్ప ముందే ఇస్తున్నాను. కొందరు అది జేబులో వేసుకుని, సూట్‌కేసు కొనకుండానే వెళ్లిపోతారు. కడుపు ఇంకా మండుతుంది. కానీ వెనక్కి పిలవను. తాళం వేసినప్పుడల్లా నేను వాళ్లకు యాదికొస్తానులెండి.