అమ్మకు తెగని కత్తి

మా ఇంట్లో నాలుగు కత్తులున్నాయి. భిలాయిలో మా రిసాలి కాలనీ మొత్తం మీద అంత పదునైనవి ఇంకెవరింట్లోనూ ఉండవని పందెం కాస్తాను. వాటిలో ఒక్కటీ అమ్మకు నచ్చలేదు.

అమ్మకు మోకాలి ఆపరేషన్ చేసిన డాక్టరు గట్టిగా చెప్పాడు, నేల మీద కూర్చుంటే కొత్త మోకాలు పాడవుతుందని, ఇంకో ఆపరేషన్ తట్టుకునే వయసు కాదని. పెళ్లయి బొబ్బిలి నుంచి భిలాయి వచ్చినప్పుడు అమ్మ వెంట తెచ్చుకున్న కత్తిపీటను ఆ రోజే అటకెక్కించాను. వంట నువ్వు చేసుకో, కూరలు తరగడం మాత్రం నాకొదిలెయ్యి అంది అమ్మ. ఊరికే కూర్చోవడం ఆమె వల్ల కాదు. సరేనని సంతలో ఓ కత్తి కొన్నాను. పల్చటి రేకు, ఎర్ర ప్లాస్టిక్ పిడి. పక్కా ధార్ హై దీదీ, పదునుకి ఢోకా లేదన్నాడు అమ్మినతను.

మర్నాడే అమ్మ దాన్ని పక్కకు నెట్టేసింది.

"ఇది తెగదే. పీట దించీసుకుంటాను."

నా భయమల్లా అదే. నేను పాఠాలు చెప్పడానికి స్కూలుకి, మా ఆయన స్టీల్ ప్లాంటుకి వెళ్లాక ఇంట్లో ఆమె ఒక్కతే. స్టూలెక్కి పీట దించినా దించుతుంది, దాన్ని ముందేసుకుని కింద కూలబడినా కూలబడుతుంది. అందుకని సానరాయి కొన్నాను. ఫోన్లో వీడియోలు చూసి కోణం నేర్చుకున్నాను. రోజూ పొద్దున్నే, టీ అయినా తాగకుండా, పెరట్లో గట్టు మీద కూర్చుని నూరడం. రాయి తడిపి ఇటు పదిసార్లు, తిప్పి అటు పదిసార్లు, చివర్లో ఊరగాయ జాడీ బోర్లించి దాని అడుగున గరుకు అంచు మీద నాలుగుసార్లు. చవక కత్తులతో బాధేమిటంటే పదును ఎంత సులువుగా వస్తుందో అంత సులువుగా పోతుంది. నా వేలి చివర్లు అరిగాయి. కాగితం తెగింది, బాగా పండిన టమాటా నొక్కకుండానే తెగింది. సాయంత్రం ఇంటికొస్తే అమ్మ మాట మాత్రం అదే. ఇంకో కత్తి కొన్నాను. ఆ తర్వాత ఇంకో రెండు.

ఒక రోజు ఒళ్లు మండి ఆమె ఎదురుగానే ఉల్లిపాయ తరిగి చూపించాను. నీకు తెగుతంది మరి అంది, తప్పంతా నా చేతిదే అన్నట్టు.

ఈ గొడవ చాలదన్నట్టు అమ్మ చీరలకు మోకాళ్ల దగ్గర చీలికలు కనిపించడం మొదలైంది. ఎలుకలనుకుని బోను తెచ్చి పెట్టాను. ఒక్క ఎలుకా పడలేదు.

పరీక్షల ఆఖరి రోజు మధ్యాహ్నం తొందరగా ఇంటికొచ్చాను. అమ్మ వంటింట్లో కుర్చీలో కూర్చుని ఉంది. కత్తి పిడిని రెండు మోకాళ్ల మధ్య బిగించి పట్టుకుంది. రేకు నిటారుగా నిలబడి ఉంది, పదును ఆమె వైపే. రెండు చేతులతో వంకాయ పట్టుకుని దాని మీదికి నొక్కుతోంది, అచ్చం కత్తిపీట ముందు కూర్చున్నట్టే. నొక్కినప్పుడల్లా రేకు వంగిపోయి పక్కకు జారుతోంది. అరచేతిలో గాటుకి పసుపు అద్ది ఉంది.

ఆ కత్తి ఆ పొద్దున నేను నూరిందే. కత్తి లాక్కుని నోటికొచ్చినట్టు కేకలేశాను. నాకెందుకు చెప్పలేదని అడిగాను. చెప్తే ఆ తరగడం కూడా మాన్పించేస్తావు కదా అంది. అమ్మ నా మీద అరవలేదు.

"రెండు సేతులూ వంకాయ మీదుంటే కత్తి ఎవులు పట్టుకుంటారు? నువ్వు రోజూ కత్తి తెగుతాదో నేదో సూసినావు. నానెలా కోస్తన్నానో ఒక్క రోజైనా సూసినావేటి?"

అప్పుడొచ్చిన కోపం ఆమె మీదో నా మీదో తేల్చుకోలేకపోయాను.

సాయంత్రం నేనే స్టూలెక్కి పీట దించాను. మా ఆయన దాన్ని డైనింగ్ టేబుల్ అంచుకి రెండు క్లాంపులతో కదలకుండా బిగించాడు. నెలల తరబడి అటక మీదుండి తుప్పు పట్టింది కదా, నూరుదామని సానరాయి తీశాను. అక్కర్లేదు, గుడ్డతో తుడువు చాలు అంది అమ్మ.

మర్నాడు పొద్దున్న ఆమె కుర్చీలో కూర్చుని కిలో వంకాయలు తరిగింది. మొత్తం అయ్యేదాకా ఎదురుగా కూర్చుని చూశాను. స్కూల్లో నా మొదటి పీరియడ్ పోయింది.