బంతితో పాటు వంగే పెద్దాయన

ధర్మవరంలో పట్టుచీరల డిజైన్లు కంప్యూటర్ మీదికి మారిన కొత్తల్లో, నలభై ఏండ్లు గ్రాఫ్ కాగితాల మీద చేత్తో గీసిన పెద్దాయన నా దగ్గర నేర్చుకునేకి వచ్చినాడు. మౌస్ ఆయన చేతికి లొంగలేదు. అలవాటు కావాలని, సన్నటి దారుల మీద బంతిని దొర్లించే ఆట పెట్టి ఇచ్చినా. బంతి ఎటు తిరిగితే అటు ఒళ్ళంతా వంచేవాడు. బంతి కింద పడితే భుజం పిసుక్కునేవాడు.

నెల తర్వాత బంతి పడకుండా చివరిదాకా చేరింది. సంబరపడి, అంచుకు వేసే నెమలి డిజైన్ తెరిచినా. ఆయన అద్దాలు తుడుచుకుని చానాసేపు చూసినాడు.

"చెయ్యి కుదిరిందప్పా. ఈ చిన్నచిన్న గళ్ళే కనపడల్యా" అన్నాడు. "రేపట్నుంచి రానులే."

అన్నాడు గానీ, కుర్చీలోంచి లేవలేదు. నేనూ లెమ్మనలేదు.