సరిగ్గా కూర్చున్న మెమరీ

అక్క గీసిన గేర్‌బాక్సు డ్రాయింగు మా కంప్యూటర్లో సగం తెరుచుకుని ఆగిపోయేది. పళ్లచక్రాలను విడివిడిగా గీసినంత కాలం అది ఓపిక పట్టింది. అన్నీ ఒకచోట బిగించేసరికి మొండికేసింది. శనివారం బెంగుళూరు దారిలోని నరసాపురం ఫ్యాక్టరీలో ఇంటర్వ్యూ. సొంతంగా గీసిన డ్రాయింగు పెద్ద కాగితం మీద అచ్చు తీసి తెమ్మన్నారు. ఆ సాఫ్ట్‌వేరు మా రాబర్ట్‌సన్‌పేటలో ఏ జెరాక్సు షాపులోనూ లేదు. కాలేజీకి సెలవులు. డిప్లొమా అయ్యాక అక్కకు వచ్చిన మొదటి పిలుపు అది. ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు, నేను తప్ప.

మెమరీ చాలడం లేదని తేలింది. ఏది చాలకపోయినా నాన్న బెంగుళూరు రైలుకు చెప్పుకుంటాడు. బంగారు గనులు మూసేశాక సగం ఊరు ఆ రైలెక్కే ఉద్యోగాలకు పోయొస్తుంది. రోజూ అదే బోగీ, అవే సీట్లు. ఆ సీట్లలో పెళ్లి సంబంధాలు కుదిరాయి, మోకాళ్ల నొప్పులకు మందులు దొరికాయి. మెమరీ ఒక లెక్కా? నాన్న ఎదుటి సీటాయన బెంగుళూరులో ఒక డ్రాయింగు ఆఫీసులో పనిచేస్తాడు. అక్కడ మిగిలిపోయిన మెమరీ ముక్కను గురువారం చొక్కా జేబులో వేసుకొచ్చి ఇచ్చాడు.

ఆ సాయంత్రం నాన్న కంప్యూటరు మూత విప్పాడు. టార్చి పట్టడానికి మామ వచ్చాడు. మామ గని బావి పైన గంట కొట్టే ఉద్యోగం చేసినవాడు. మనుషులను లోపలికి దించే కేజ్ ఆ గంటల లెక్క మీదే నడిచేది.

పాత ముక్క పక్కనున్న ఖాళీ స్లాటులో కొత్తది టక్కుమని పడింది.

"సరిగ్గా కూర్చునింది సూడు," అన్నాడు నాన్న. నిజమే. మా ఇంట్లో ఏ తలుపూ అంత సరిగ్గా పడదు.

స్విచ్చి వేశాడు. తెర నల్లగానే ఉంది. లోపలినుంచి బీప్, బీప్, బీప్.

మామ చెయ్యెత్తాడు. "ఎవురూ ముట్టొద్దండి. మూడు కొట్టినాదంటే మనుషులు ఎక్కతా ఉండారని."

"యాడికి మామా ఎక్కేది?" అన్నాను.

"నువ్వు ఊరుకో. ఇంగో గంట వస్తాది. అది వచ్చినాకే కదిలేది."

నిలబడ్డాం. గంటల విషయంలో మామకు ఎదురు చెప్పే అలవాటు మా ఇంట్లో లేదు. మళ్లీ మూడు మోగాయి.

"రెండో బ్యాచి ఎక్కింది," అన్నాను.

"నాయనా, ఆపెయ్," అంది అక్క. "కాలిపోతాదేమో. డ్రాయింగు దీంట్లో తప్ప ఇంగ యాడా లేదు."

ఆ సంగతి మాకెవరికీ తెలియదు. నాన్న వైరు పీకేశాడు. కొత్త ముక్క తీసి, పాతదొక్కదానితోనే మళ్లీ వేశాడు. అవే మూడు బీప్‌లు. నాన్న ముఖం పాలిపోయింది. నా దగ్గర ఒక జోకు సిద్ధంగా ఉంది కానీ, అక్క వైపు చూసి మింగేశాను. అరగడానికి చాలాసేపు పట్టింది.

అక్క వైరు మళ్లీ తీయించి, టార్చి లాక్కుని వంగి చూసింది. కొత్తదాన్ని నొక్కిన ఊపులో పాతది ఒక చివర కొద్దిగా లేచింది. రెండు చివర్లూ నొక్కింది. ఈసారి స్విచ్చి తనే వేసింది. ఒక్క బీప్. తెర వెలిగింది.

"ఒకటి కొడితే పైకి లాగమని," అన్నాడు మామ, మెల్లగా.

అక్క ముందు డ్రాయింగును పెన్‌డ్రైవులోకి ఎక్కించింది. ఆ తర్వాతే కొత్త ముక్కను పాతదాని చోట ఒంటరిగా పెట్టి చూసింది. మూడు బీప్‌లు.

"ఆయన ఆఫీసులో బాగా పని చేసినాదంటనే," అన్నాడు నాన్న.

"ఆడుండే కంప్యూటర్లు కొత్తవి నాయనా. కొలత ఒకటే అయినా దీంట్లో చిప్పులు వేరే రకం. మన పాత బోర్డు దీన్ని గుర్తుపట్టదు." కాసేపు ఆ ముక్కను తిప్పి తిప్పి చూసింది. "ఆ ఆఫీసులో నా సాఫ్ట్‌వేరు ఉండాదా?"

"డ్రాయింగు ఆఫీసు కదమ్మా, ఉండకుండా యాడికి పోతాది?"

"అయితే మెమరీని ఈడికి తెచ్చుకునేదెందుకు? డ్రాయింగునే ఆడికి పంపిద్దాం."

ఈ మాట నిన్ననే అనుంటే మామకు మళ్లీ డ్యూటీ ఎక్కే శ్రమ తప్పేది.

శుక్రవారం పెన్‌డ్రైవు నాన్న క్యారియర్‌లో, చిత్రాన్నం పైనున్న ఖాళీ గిన్నెలో ప్రయాణం చేసింది. సాయంత్రం అక్కా నేనూ స్టేషనుకు పోయాం. రైలు ఆలస్యం. అక్క ప్లాట్‌ఫారం మీద ఆ చివరికీ ఈ చివరికీ నడుస్తోంది. రైలు వచ్చింది. నాన్న దిగాడు. చేతిలో క్యారియర్ తప్ప ఏమీ లేదు.

"కాగితం యాడ నాయనా?" అంది అక్క.

"ఉండమ్మా, వస్తా ఉండాది," అన్నాడు నాన్న వెనక్కి చూస్తూ.

బోగీలోంచి జనం తలల మీదుగా పొడుగాటి కాగితం చుట్ట ఒక చేతినుంచి ఇంకో చేతికి మారుతూ వచ్చింది. నలగకూడదని బెంగుళూరు నుంచీ వంతులేసుకుని ఎత్తి పట్టుకున్నారట. చివరి చెయ్యి ఎదుటి సీటాయనది. "చూసుకోమ్మా, పళ్లన్నీ ఉండాయో లేదో," అన్నాడు.

అక్క లైటు కింద విప్పి చూసింది. అన్నీ ఉన్నాయి. ఒక మూల మాత్రం ఎవరో చిత్రాన్నం తిన్న చేతి పసుపు రంగు నూనె మరక.

"రేపు అడిగితే లూబ్రికేషన్ అని చెప్పు," అన్నాను.

నన్ను కొట్టడానికి చుట్ట ఎత్తింది. నలుగుతుందని గుర్తొచ్చి, దించేసింది.