అత్తగారి గదిలో కడ్డీలు

బండి బాబాయ్‌కి ముప్పై ఒక్క ఏళ్లుగా బంగారంతోనే పని. అలాగని మెడలో గొలుసూ వేలికి ఉంగరమూ ఊహించుకోకండి. ఆయన ఒంటి మీదున్న లోహమల్లా బూట్ల మీద తొడుక్కునే రేకు తొడుగులే. కడ్డీ చేజారి పాదం మీద పడిందంటే వేళ్లు నుజ్జయిపోతాయి మరి. దేశాలు బంగారం దాచుకునే ఖజానాలో, నేల కింద అయిదంతస్తుల లోతున, ఇనుప కటకటాల గదుల మధ్య, కడ్డీలను తోపుడు బండి మీద పేర్చి ఈ గదిలోంచి ఆ గదిలోకి చేర్చడం ఆయన ఉద్యోగం.

ఒక్కో గది ఒక్కో దేశానిది. ఏది ఎవరిదో పనివాళ్లకు చెప్పరు. తలుపు మీద నంబరు ఉంటుంది, అంతే. ఒక దేశం ఇంకో దేశానికి చెల్లించాల్సి వస్తే ఓడలూ అక్కర్లేదు, సిపాయిలూ అక్కర్లేదు. పైనుంచి చీటీ వస్తుంది, బాబాయ్ బండి పదిహేను అడుగులు దొర్లుతుంది, రెండు దేశాలూ హాయిగా నిద్రపోతాయి. నంబర్లతో విసుగెత్తి గదులకు బాబాయే పేర్లు పెట్టుకున్నాడు. తొమ్మిదో గది దుబారా, ఎప్పుడు చూసినా ఖాళీ అవుతూనే ఉంటుంది. ఎదురుగా ఉన్న నాలుగో గది అత్తగారు, పుచ్చుకోవడమే తప్ప ఇవ్వడం ఎరగదు.

ఈ నెలాఖరుకి బాబాయ్ రిటైరవుతున్నాడు. రావలసిన సొమ్మంతా ముందే చేతికొచ్చింది. సరిగ్గా అప్పుడే ఊళ్లో ధరలకు పిచ్చెక్కింది. పొద్దున ఒక రేటు చెప్పిన సబ్బుకి సాయంత్రం ఇంకో రేటు!

"ఏమండీ, ఈ నోట్లు ఇలాగే ఉంచితే చిత్తుకాగితాలైపోతాయట. బంగారం కొనేద్దామా?" అని భార్య రోజూ పోరుతోంది. "ముప్పై ఏళ్లు మోశారు కదా, ఆ మాత్రం చెప్పలేరా?"

"మోసేవాడికేం తెలుస్తుందే, నా మొహం!"

నిజంగానే తెలియదు. కడ్డీలు తూచే తూకం మాస్టారు నాలుగు పేపర్లు చదివే మనిషి కదా అని ఆయన్ని అడిగాడు.

"మన నోటుకి దన్ను నాలుగో గది అత్తగారి నోట్లయ్యా," అన్నాడు మాస్టారు. ఏ గది ఎవరిదో ఆయనకో ఊహ ఉంది. "మనమే కాదు, ప్రపంచమంతా ఆవిడ నోట్లే దాచుకుంటుంది. ఇప్పుడు ఆవిడ నోటు మీదే అనుమానమొచ్చి, బంగారమే ఇమ్మంటున్నారు."

"మరి ఆవిడ నోటుకి దన్నేంటి?"

"నమ్మకం."

"దేని మీద?"

మాస్టారు గడ్డం గోక్కుని, "అదే కదా," అని తక్కెడ తుడుచుకోసాగాడు. బాబాయ్‌కి తల తిరిగిపోయింది.

ఆఖరి వారం, పని అప్పగించే ముందు గదులన్నీ ఒకసారి చూసుకుంటుంటే బాబాయ్ నాలుగో గది ముందు ఆగిపోయాడు. అత్తగారి గది కిటకిటలాడుతోంది. అనుమానమొచ్చి తొమ్మిది రోజుల కిందటి చీటీ వెతికి తీశాడు. నాలుగు నుంచి తొమ్మిదికి, అరవై కడ్డీలు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అత్తగారు ఇవ్వవలసి వచ్చింది! చేతులకేమో ఇన్నేళ్ల అలవాటాయె. ఎప్పటిలాగే దుబారా గదిలోంచి తీసి అత్తగారి గదిలో పేర్చేశాయి. తూకంలో తలమునకలైన మాస్టారూ చూసుకోలేదు.

విచిత్రమేమిటంటే, ఈ తొమ్మిది రోజుల్లో రేడియో వాళ్లు అడిగిన దేశానికి బంగారం ముట్టిందనీ గండం గడిచిందనీ చెప్పేశారు. ముట్టకుండానే గండమెలా గడిచింది? బాబాయ్ ఎంత బుర్ర గోక్కున్నా అంతుపట్టలేదు. నోరు మూసుకుని రిటైరైపోవచ్చు. కానీ తర్వాత తనిఖీలో బయటపడితే ఇంకా నాలుగేళ్ల సర్వీసున్న మాస్టారు బలైపోతాడు. మనసొప్పక ఆఫీసర్ మేడమ్ దగ్గరికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

మేడమ్ లేచి తలుపు మూసింది. "ఇంకెవరికైనా చెప్పారా, బాబాయ్?"

"లేదమ్మా."

"చెప్పకండి. బంగారం ఎక్కడికీ పోలేదు, సర్దేద్దాం. ఈ మాట గేటు దాటిందంటే మాత్రం మన పని అయిపోయినట్టే. ఒక్కరడిగితే చూసిపోవడానికి వస్తారు. అందరూ అడిగితే పట్టుకుపోవడానికే వస్తారు."

ఆ మధ్యాహ్నం మాస్టారూ బాబాయ్ కలిసి అత్తగారి గదిలోంచి నూట ఇరవై కడ్డీలు ఎదురుగదికి చేర్చారు. పొరపాటున వచ్చినవి అరవై, అసలు ఇవ్వవలసినవి అరవై. నడుం పట్టేసి, చొక్కా తడిసి ఇంటికొచ్చేసరికి గుమ్మంలో భార్య ముఖం వెలిగిపోతోంది.

"మీరు తేల్చేలా లేరని నేనే తేల్చేశాను. సొమ్మంతా పెట్టి బంగారం కొన్నాను!"

"ఏదీ?"

ఆవిడ పెట్టెలోంచి మడత విప్పి ఇచ్చింది. చీటీ. ఇన్ని గ్రాములు, బీరువా నంబరు నాలుగు, కింద బంగారం కొట్టు షావుకారు సంతకం.

"ఇది కాగితం కదే!"

"ఇంట్లో పెట్టుకుంటే దొంగల భయం కదండీ. తన బీరువాలోనే ఉంచుతానన్నాడు. మీ దగ్గర దేశాలకు దేశాలే ఉంచుకోవట్లేదూ?"

"కళ్లతో చూశావా?"

"చూడ్డమెందుకు, రాసిచ్చాడుగా!"

బాబాయ్ విప్పిన చెప్పులు మళ్లీ తొడుక్కున్నాడు, భార్యా వెంట బయల్దేరింది. దుకాణం ముందు వరస రోడ్డు దాకా ఉంది. సగం మంది కొనడానికొచ్చినవాళ్లు, సగం మంది చేతుల్లో అలాంటి చీటీలే. గంట నిలబడితే గానీ బల్ల దగ్గరికి చేరలేకపోయాడు. చీటీ ముందుకు తోసి, "ఒకసారి చూపిస్తారా?" అని మెల్లిగా అడిగాడు.

షావుకారు నవ్వు చెదరలేదు గానీ గొంతు బాగా తగ్గింది. "ఉంది, పెద్దాయనా. ఇప్పుడడక్కండి. మీకు తీస్తే వెనకున్నవాళ్లందరికీ తియ్యాలి. రేపు పెందలాడే రండి, మీ ఒక్కరికీ చూపిస్తాను."

అచ్చం మేడమ్ అన్నట్టే అన్నాడు. మేడమ్ చెప్పింది నిజం. మరి ఇతను? దొంగా, దొరా? ముప్పై ఒక్క ఏళ్లు బంగారం మధ్య బతికిన మనిషికి అది తెలియలేదు, ఏడుపొచ్చినంత పనైంది.

"ఏమంటున్నాడు, పెద్దాయనా?" వెనకనుంచి ఎవరో కేకేశారు. "ఉందా, లేదా?"

వరస వరసంతా ఆయన వైపే చూస్తోంది. లేదన్నాడా, బీరువాలో ఉన్న కాస్తా ఈ తొక్కిసలాటలో ఊడ్చుకుపోతుంది. అందులో తన జీవితమంతా ఉంది.

"ఉంది, ఉంది!" అన్నాడు బాబాయ్ గట్టిగా.

జనం ఊపిరి పీల్చుకున్నారు. చీటీలు మడిచి జేబుల్లో పెట్టుకుని ఇద్దరు ముగ్గురు ఇంటిదారి కూడా పట్టారు. మెట్లు దిగుతుంటే భార్య చొక్కా పట్టుకు లాగింది.

"చూశారా?"

"లేదే," అన్నాడు బాబాయ్.