పాత మెమొరీ జేబులో పెట్టుకొని జగ్దల్‌పూర్‌కి

కిరందుల్ నుంచి విశాఖపట్నం వెళ్లే పాసింజరు పొద్దున ఆరింటికి కదులుతుంది. జగ్దల్‌పూర్‌లో పనుండి వెళ్లేవాళ్లు ఐదున్నరకల్లా స్టేషన్‌లో ఉంటే కిటికీ పక్కన సీటు దొరుకుతుంది. టిఫిను ఇంటి నుంచే తెచ్చుకోవాలి. నీళ్లు కూడా. నేను ఇవన్నీ చేశాను. రాత్రే ఉప్మా రవ్వ వేయించి పెట్టమని మా ఆవిడ పద్మను సతాయించి మరీ చేశాను. చెయ్యాల్సిన అసలు పనొకటి మాత్రం మర్చిపోయాను.

నేను ఇనుప గనుల వర్క్‌షాపులో మెకానిక్‌ని. ఇరవై ఏళ్లుగా డంపర్ల కింద దూరుతున్నవాణ్ని. కంప్యూటర్ సామాను కోసం ఊరు కాని ఊరు పోతానని ఏనాడూ అనుకోలేదు. నన్ను బయల్దేరదీసింది మా బావమరిది రవి. వాడు అదే గనిలో డంపర్ నడుపుతాడు. రెండున్నర నెలల కిందట ఇద్దరం బచేలి నుంచి మోటార్ సైకిల్ మీద వస్తుంటే వానకు ఎర్రమట్టి జారి బండి పడింది. నడిపింది నేను. నాకు మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. వెనక కూర్చున్న వాడికి తొడ ఎముక విరిగింది.

లోపల రాడ్ వేశారు. ఆసుపత్రి నుంచి మా ఇంటికే తీసుకొచ్చాం. వాకర్ పట్టుకొని రోజూ నాలుగడుగులు వెయ్యాలన్నాడు డాక్టరు. ఆ మాట అని మూడు వారాలైనా వాడు అడుగు కింద పెట్టలేదు. "మళ్లీ పడతాను, నన్నొదిలీండి" అంటాడు. ఇంకా ఆలస్యం చేస్తే కాలు బిగుసుకుపోతుందని డాక్టరు గట్టిగానే హెచ్చరించాడు. చెకప్‌కి ఆటోలో పడుకోబెట్టి తీసుకెళ్లేవాళ్లం. నా బండి గోడ పక్కన కవరు కప్పుకొని అలాగే ఉంది. దాన్ని ముట్టుకోవడానికి నాకూ చేతులు రాలేదు. వాడు నాతో మాట్లాడతాడు గానీ ముఖం వైపు చూడడు. 

వాడి షిఫ్టు స్నేహితులు ముగ్గురు సాయంత్రాలు కంప్యూటర్లలో జట్టుగా ఆట ఆడతారు. కాలు విరగక ముందు వీడూ వాళ్లలో ఒకడింట్లో కూర్చుని ఆడేవాడు, వీడే వాళ్లకు కెప్టెన్. కంప్యూటరొకటి ఇంట్లోకొస్తే కనీసం లేచి కూర్చుంటాడని నా ఆశ. బదిలీ మీద వెళ్తున్న ఒకాయన దగ్గర క్యాబినెట్టు, బోర్డు, ప్రాసెసర్ చవగ్గా దొరికాయి. తెర ఇంట్లో పాతదే ఉంది. ర్యామ్ అంటారే, ఆ మెమొరీ పట్టీలు మాత్రం ఆయన పీక్కుని పోయాడు. అవి కొనడానికే ఈ ప్రయాణం.

మా వర్క్‌షాపు స్టోరులో ఒక పద్ధతుంది. పాడైన పార్టు తెచ్చి కౌంటరు మీద పెట్టనిదే కొత్త పార్టు ఇవ్వరు. పాతదాన్ని పక్కన పెట్టి, పొడవూ రంధ్రాలూ చూసి, అచ్చం అలాంటిదే తీసిస్తారు. ఇరవై ఏళ్ల అలవాటు. అందుకని ఇంట్లో ఎప్పుడో చచ్చిపోయిన మా పాత కంప్యూటర్ విప్పి, అందులోని మెమొరీ పట్టీ తీసి, రుమాల్లో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాను. నమూనా దగ్గరుంటే తప్పు ఎలా జరుగుతుందని నా ధీమా.

బచేలి దాటాక ఇటు కొండలు, అటు పొలాలు. భాన్సీలో అరగంట నిలబెట్టారు. ఈ లైను మీద ఖనిజం గూడ్సుదే పెత్తనం, మనుషులు దాని వెనకే. కమలూరు నుంచి కాక్‌లూరు దాకా ఫోన్లు సరిగా పనిచెయ్యవు. ఇంటికి చెప్పాల్సిందేదైనా ఉంటే ముందే చెప్పుకోవాలి.

గీదంలో నా ఎదురు సీట్లోకి ఒకావిడ వచ్చి కూర్చుంది. ఆవపల్లి నుంచట. చీకటితోనే బీజాపూర్ చేరి, అక్కడ బస్సు పట్టుకొని వచ్చింది. జగ్దల్‌పూర్ ఆసుపత్రిలో చెల్లెలికి కాన్పట. నేను రుమాలు విప్పి పట్టీని మరోసారి చూసుకుంటుంటే తొంగి చూసింది.

"ఏందన్నా అది, దువ్వెనా?"

నవ్వొచ్చింది. పళ్లున్న వైపు నుంచి చూస్తే నిజంగా దువ్వెనే. కంప్యూటర్ సామాను అని చెప్పి, నమూనా సంగతి వివరించాను. ఆవిడ దాన్ని వేలితో తాకి చూసింది.

"పాత మిషను సచ్చిందంటివి. కొత్త మిషను తెచ్చినంటివి. మరి పాతదాని సామాను సూపిచ్చి కొత్తదానికి కొనుడేంది?"

పల్లెటూరి మనిషి, ఆవిడకేం తెలుస్తుందిలే అనుకున్నాను. ఆ అనుకున్నందుకు రెండు మూడు గంటల్లోనే సిగ్గుపడ్డాను.

జగ్దల్‌పూర్‌లో దిగేసరికి పదింబావు. షేర్ ఆటోలో బజారుకి వెళ్లాను. మూడో దుకాణంలో యజమాని నా పట్టీని వేళ్ల మధ్య తిప్పి చూసి, "సేమ్ మిల్ జాయేగా" అన్నాడు, అచ్చం ఇలాంటిదే దొరుకుతుందని. నా ధీమా రెట్టింపైంది. రెండు ప్యాకెట్లు కౌంటరు మీద పెట్టాడు. ప్యాకెట్టు విప్పితే వాపసు లేదని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసుంది. మెమొరీ దొరికిందని రవికి ఫోన్ చేసి చెబుతుంటే, లోపల బల్ల దగ్గర కంప్యూటర్ బాగుచేస్తున్న అమ్మాయి తలెత్తింది. పేరు సరిత, సొంతూరు కొంటా.

"అన్నా, తెలుగోళ్లా? ఇది పెట్టే బోర్డు ఏంది?"

"బోర్డు ఇంట్లో ఉందమ్మా. నమూనా తెచ్చాగా."

"నమూనా పాత దాంట్లోది గద. ఇది డీడీఆర్ త్రీ, పాత రకం." లేచి వచ్చి ఇంకో పట్టీ తెచ్చి నాదాని పక్కన పెట్టింది. చూడ్డానికి రెండూ ఒకటే. కింద పళ్ల మధ్య ఉండే కోత మాత్రం ఒక్కోదానికి ఒక్కోచోట ఉంది. "ఇది డీడీఆర్ ఫోర్. ఒకదాని స్లాటుల ఇంకోటి కూసోదు. బలంగా నొక్కితే బోర్డే పోతది. బోర్డు ఏందో తెల్వకుండ నేనియ్య."

నా ముఖం మాడిపోయింది. ఆవపల్లి ఆవిడ మాట చెంప మీద పడ్డట్టయింది. బోర్డు ఫోటో తీసుకోలేదు, దాని పేరూ రాసుకోలేదు. పద్మ స్కూల్లో టీచరు, నాలుగున్నరకు గాని ఇల్లు చేరదు. స్కూల్లో ఫోను కట్టేస్తుంది. పక్కింటివాళ్లు ఊళ్లో లేరు. నా రైలు నాలుగుంబావుకి. మళ్లీ సెలవు దొరకాలంటే ఇంకో రెండు వారాలు.

ఇదంతా రవి ఫోన్లో వింటున్నాడు. నేను లైను కట్టెయ్యలేదు.

"ఏటి బావా, బోర్డు మీద రాసుంటాదా?"

"పట్టీలు పెట్టే స్లాట్ల పక్కన అక్షరాలుంటాయని ఈ అమ్మాయి అంటోంది. ముందు గదిలో టేబుల్ మీదుంది, మూత తీసే ఉంది. పోనీలేరా, ఇంకోసారి వస్తాను."

"ఉండు."

"రవీ, వద్దురా. ఒక్కడివే ఉన్నావు."

మంచం కిర్రుమంది. తర్వాత టక్కుమని వాకర్ నేలకు తగిలిన చప్పుడు. చాలాసేపు ఏమీ లేదు. మళ్లీ టక్కు. పడక గది నుంచి ముందు గదికి పన్నెండు అడుగులుండవు. నేను దుకాణం గుమ్మంలో నిలబడి, ఫోను చెవికి నొక్కిపెట్టి, ఒక్కో చప్పుడూ లెక్కపెట్టుకున్నాను. వీధిలో ఆటోలు హారన్లు కొడుతుంటే వాటిని తిట్టాను. ఒక చప్పుడుకీ ఇంకో చప్పుడుకీ మధ్య నా ప్రాణం పైపైనే ఉంది.

"డీడీఆర్ ఫోర్" అన్నాడు చివరికి, రొప్పుతూ. "స్లాట్లు రెండు. ఇంకేటి సదవాల?"

కళ్లు తుడుచుకుంటూ ఫోను సరిత చేతికిచ్చాను. బోర్డు పేరూ, ప్రాసెసర్ పేరూ వాడి చేతే చదివించుకుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనే స్తోమత మాకు లేదు. అలాంటప్పుడు బొమ్మలు చూపించే పని కూడా ప్రాసెసర్‌దే. అది ఆ పనికి మెమొరీలోంచే వాటా తీసుకుంటుందట. అందుకని పెద్ద పట్టీ ఒకటి కాకుండా ఎనిమిదేసి జీబీవి రెండు, ఒకే కంపెనీవి, ఒకే వేగానివి వెయ్యమంది. బోర్డు ఒప్పుకునే వేగాన్ని మించినవి కొంటే డబ్బు దండగేనంది. ఇది నాకు వెంటనే ఎక్కింది. డంపరుకు వెనక జంట టైర్లుంటాయి. ఒకటి కొత్తదీ ఒకటి అరిగిందీ వేస్తే ఏమవుతుందో నాకు తెలుసు.

"ఇంకో మాట అన్నా. చిన్న సైజు పట్టీలు అగ్గువ అని తీసుకునేరు, అవి లాప్‌టాప్‌లవి" అంది బిల్లు రాస్తూ. ఆ అమ్మాయికి చేతులెత్తి దండం పెట్టాను.

సంజయ్ మార్కెట్ దగ్గర అన్నం తిన్నాను. ఆకలి అప్పుడు తెలిసింది. తిరుగు రైలు నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. జేబులో ఇప్పుడు రెండు కొత్త ప్యాకెట్లూ, ఎందుకూ పనికిరాని పాత పట్టీ. గీదం దాటాక దారంతా ఖాళీ గూడ్సులు మా పక్క నుంచి గని వైపే పోయాయి. మొత్తం మీద ప్రయాణం సుఖంగానే జరిగిందని చెప్పాలి. రైళ్లు చవక, మనుషులు మంచివాళ్లు, తెలివితక్కువవాణ్ని నేనొక్కణ్నే. మీరెవరైనా ఇలాంటి పని మీద వెళ్తే నమూనా ఇంట్లో పడేసి, బోర్డు ఫోటో తీసుకెళ్లండి.

బచేలిలో సిగ్నల్ రాగానే ఫోను మోగింది.

"బావా, ఎక్కడున్నావు?"

"బచేలి. కాలెలా ఉందిరా?"

"నొప్పిగుంది. మళ్లీ నడిసి మంచం మీదికొచ్చీసాను. అక్క తిట్టి, ఏడిసి, కాఫీ ఇచ్చింది. రేపు సాయంత్రం చెకప్‌కి ఆటో వద్దు. బండి తియ్యి."

"నేనా?"

"మరి వాకర్ పట్టుకొని నేను నడపాలేటి? నువ్వే నడుపు. మెల్లగా."

ఎదుటి సీటాయన ఏమైందని హిందీలో అడిగాడు. కంట్లో నలుసు పడిందని చెప్పాను.

తొమ్మిదిన్నరకు ఇల్లు చేరాను. రవి ముందు గదిలో కుర్చీలో కూర్చుని, చెయ్యి చాపి, నా ముఖం వైపే చూశాడు. ప్యాకెట్లు వాడి చేతిలో పెట్టాను. టప్, టప్ మని రెండు పట్టీలూ వాడే బిగించాడు. తెర వెలిగిందని పద్మ కేకేసేసరికి నేను బయట బండి మీది కవరు తీస్తున్నాను.