మడ అడవిలో గులాబీ తోట

రిటైర్మెంటుకు ఆరేళ్ల ముందు, ఒక జూన్ మొదటి వారంలో, నన్ను తెనాలి నర్సరీ నుంచి రేపల్లె దిగువన ఉన్న మడ అడవికి సెక్షన్ ఆఫీసరుగా బదిలీ చేశారు. సెక్షన్ ఆఫీసరంటే రేంజరుకు కింద, బీట్ ఆఫీసరుకు పైన. రెండు వైపుల నుంచీ మాట పడడానికి వీలైన స్థానం. మడ అడవి సముద్రపు పోటు నీటిలో పెరుగుతుంది. దాని మధ్య, కాలవ గట్టున, వాచర్ ఏసోబు భార్యతో ఉండే ఒంటిగది ఇల్లు ఒకటి ఉంది. మా రికార్డుల్లో దాని పేరు 'బేస్ క్యాంపు'. లోపల మంచం వేస్తే మనిషి బయట నిలబడాలి.

నేను చేరిన రెండు నెలలకు సర్క్యులర్ వచ్చింది. శాఖ భవనాలన్నిటి చుట్టూ ఉద్యానవనం పెంచాలి. పెంచకముందు ఒకటి, పెంచాక ఒకటి ఫోటోలు పంపాలి. అడవి మధ్యలో తోట దేనికని నేను అడిగి ఉండాల్సింది. కానీ తెనాలిలో ఏళ్ల తరబడి గులాబీలకు అంట్లు కట్టిన చేయి, దురద పెట్టింది.

ఇంటి చుట్టూ బురదలోంచి జానెడేసి పుల్లలు పొడుచుకొచ్చి ఉన్నాయి. ఎవరో నరికిన మోళ్లనుకుని, కోసేయమన్నాను.

"అయ్యి కొయ్యమాకండి సార్," అన్నాడు ఏసోబు. "మడచెట్టు ముక్కులండి అయ్యి. బురదలో గాలాడక, పైకి పెట్టి పీలుస్తయ్యి."

"ఏంటయ్యా, నాకు బాటనీ చెబుతున్నావా?" అన్నాను. నిజానికి డిగ్రీలో నేను చదివింది కెమిస్ట్రీ.

ఆ ముక్కు వేళ్లు కోయించాను. నేలంతా పాకిన ఇలకూరను కలుపని పీకించాను. ఏసోబు భార్య సుగుణమ్మ ఒడినిండా ఆ ఆకు ఏరుకుంటూ, "రేపట్నుంచి పప్పులో గులాబీలు వేసుకోవాలి కాబోలు," అంది. కోడితో అంది, నాతో కాదు.

పడవలో ఎర్రమట్టి తెప్పించి, ముప్పై గులాబీలు, రెండు వరసల క్రోటన్లు నాటించి ఫోటోలు పంపాను. రేంజరు గారు మెచ్చుకున్నారు.

అడవి గాచిన వెన్నెల వృథా అంటారు. ఆశ్వయుజ పున్నమి మాత్రం వృథా పోలేదు, పెద్ద పోటును వెంటబెట్టుకొచ్చింది. మర్నాటి ఉదయానికి ఎర్రమట్టి కాలవలో ఉంది. బురదను పట్టి ఉంచే వేళ్లూ ఇలకూరా లేకపోయేసరికి గట్టు గడపదాకా కోసుకుపోయి, ఇంటి గోడ బీటవారింది. మొక్కవోని దీక్ష అంటారే, నాకు దీక్ష మిగిలింది, మొక్క పోయింది.

తోట ఏమైందో మూడు రోజుల్లో సంజాయిషీ ఇమ్మని మెమో వచ్చింది. ఆఫీసు సూపరింటెండెంటు నా మీద జాలిపడ్డాడు.

"వాచరు నీళ్లు పొయ్యలేదని రాయండి సార్. తాత్కాలికం మనిషేగా, తీసేస్తారు. ఫైలు మూసుకుంటది."

నీట మునిగిన తోటకు నీళ్లు పోయలేదని రాయడం మా శాఖలో వింతేమీ కాదు. రాశాను. చక్కగానే కుదిరింది. దాని కింద ఏసోబు సంతకం కూడా కావాలి కనుక వెళ్లి చదివి వినిపించాను. అతను బీటలో బురద మెత్తుతూ చివరిదాకా విన్నాడు.

"నేను పొయ్యని మాట నిజమేనండి. సముద్రమే పోసింది," అన్నాడు. తర్వాత చేతులు కడుక్కుని కలం అందుకుంటూ, "సంతకం పెడితే తీసేస్తారాండి?" అన్నాడు.

సుగుణమ్మ గడపలో నిలబడి ఉంది. ఈసారి కోడిని చంకనబెట్టుకుని, కలం వైపే చూస్తోంది.

కాగితం వెనక్కి తీసుకున్నాను. వాచర్ వారించినా వినకుండా వేళ్లు కోయించింది నేనేనని కొత్తది రాసి పంపాను. నా సర్వీసు రిజిస్టరులో మందలింపు ఎక్కింది. ఏసోబు ఉద్యోగం నిలిచింది. తోట ఫోటోలు మాత్రం ఆ ఏడాది వార్షిక నివేదికలో రంగుల్లో అచ్చయ్యాయి.

నేను నేర్చుకున్నది ఇంతే. కొత్త అడవిలో చేరిన ఆఫీసరు ఏడాది పోట్లన్నీ చూసేదాకా ఏదీ పీకకూడదు, ఏదీ నాటకూడదు. సంజాయిషీలో తప్పు చేసినవాడి పేరే రాయాలి. అది మన పేరే అయితే చేతిరాత కాస్త వంకర పోతుంది, కానీ చదవడానికి వీలుగానే ఉంటుంది.